కోత లేని ఆపరేషన్, పదహారు రోజుల స్టెంట్

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు సాయంత్రం మా వీధిలో పెద్దావిడ ఒకరు పలకరించడానికి వచ్చారు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏదమ్మా, కోత ఎక్కడ పెట్టారు?" అని అడిగారు. కోత లేదండీ, లోపలి నుంచే లేజర్‌తో రాయి పగలగొట్టారు అన్నాను. "ఓస్, కోత కూడా లేదా! అయితే రేపటికల్లా లేచి తిరుగుతావులే" అని నా చెయ్యి నిమిరి, తెచ్చిన కొబ్బరిబోండాలు వంటింట్లో పెట్టి వెళ్ళారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ మాటే తర్వాత చాలామంది నోట విన్నాను. కోత లేకపోతే, కుట్లు లేకపోతే మన ఇళ్ళల్లో ఆపరేషన్ లెక్కలోకి రాదు. ఆడవాళ్ళకైతే మరీను. కిడ్నీలో రాయి తీయించుకుని, లోపల స్టెంట్ అనే సన్నటి గొట్టంతో ఇంటికొచ్చాక ఆ రోజులు ఎలా గడుస్తాయో నాకు ముందుగా చెప్పినవాళ్ళు లేరు. చెప్పి ఉంటే సగం భయం తగ్గేది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరి హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. కాపురం నరసరావుపేటలో. పొద్దున ఏడున్నరకి బస్సెక్కితే మళ్ళీ ఇల్లు చేరేసరికి సాయంత్రం అయిదున్నర. ఈ పది గంటల్లో నేను తాగిన నీళ్ళెన్నో ఇప్పుడు లెక్కేసుకుంటే భయమేస్తుంది. అరలీటరు సీసా తీసుకెళ్ళి, అందులో సగం వెనక్కి తెచ్చేదాన్ని. మా బడిలో వాటర్ బెల్ కొడతారు. బెల్ కొట్టగానే పిల్లల చేత సీసాలు తీయించి, "తాగండర్రా, ఎండలు మండిపోతున్నాయి" అని దగ్గరుండి తాగించేదాన్ని. నేను మాత్రం తాగేదాన్ని కాదు. తాగితే బాత్రూంకి వెళ్ళాలి. స్టాఫ్ బాత్రూంలో ఒకరోజు నీళ్ళుంటే రెండు రోజులుండవు. బడి వదిలాక మళ్ళీ గంట బస్సు ప్రయాణం. పదిహేడేళ్ళ సర్వీసులో దాహాన్ని ఆపుకోవడం అలవాటైపోయింది. నాతో పనిచేసే ఆడ టీచర్లందరిదీ ఇదే అలవాటు, ఒకరిని చూసి ఒకరం నేర్చుకున్నాం. పైగా ఇది రెంటచింతల ఎండలు పక్కనే కాచే ప్రాంతం. మార్చి నుంచే ఒళ్ళు చెమటలో నానుతూ ఉంటుంది.

ఏప్రిల్‌లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో ఉన్నాను. భోజనాలయ్యాక పేపరు దిద్దుతుంటే నడుం ఎడమ పక్క ఎవరో పిడికిలితో నొక్కుతున్నట్టు మొదలైంది. గ్యాస్ అనుకున్నాను. పావుగంటలో ఆ నొప్పి ముందుకి జారి పొత్తికడుపులోకి దిగింది. కూర్చోలేను, నిలబడలేను, ఏ పక్కకి ఒరిగినా అంతే. చెమటలు పట్టి వాంతి అయింది. కాన్పు నొప్పులు పడ్డదాన్నే, అయినా ఇది తట్టుకోలేకపోయాను. ఇద్దరు మేడమ్‌లు నన్ను చెరోవైపు పట్టుకుని ఆటో ఎక్కించారు. ఇంజెక్షన్ పడ్డ గంటకి గానీ మనిషిని కాలేదు.

స్కానింగ్‌లో ఎడమ కిడ్నీ వాచిందన్నారు. మర్నాడు సీటీ తీస్తే, కిడ్నీ నుంచి మూత్రాశయంలోకి దిగే గొట్టంలో 9 మిల్లీమీటర్ల రాయి ఇరుక్కుందని తేలింది. ఆ గొట్టం వెడల్పే 3, 4 మిల్లీమీటర్లట. 5 మిల్లీమీటర్ల లోపు రాయి అయితే చాలావరకు దానంతటదే పడిపోతుంది, 9 అంటే కష్టమే, అయినా రెండు వారాలు మందులు వాడి చూద్దామన్నారు.

ఆ రెండు వారాల్లో ఇంట్లో జరిగిన వైద్యం అంతా ఇంతా కాదు. మా అత్తయ్య చేలగట్టు నుంచి కొండపిండాకు తెప్పించి కషాయం కాచారు. రోజు విడిచి రోజు ఉలవకట్టు. మా అమ్మ చిలకలూరిపేట నుంచి అరటిదవ్వ పట్టుకొచ్చి రసం తీసింది. అన్నీ తాగాను. ఎవరి ప్రేమనీ కాదనలేకపోయాను. నొప్పి మాత్రం మరో రెండుసార్లు వచ్చింది. గుంటూరులో యూరాలజిస్టుకి చూపిస్తే మళ్ళీ స్కాన్ తీయించి, "మందులతో కరిగించగలిగేది యూరిక్ యాసిడ్ రాయి ఒక్కటేనమ్మా. మీది ఆ రకంలా లేదు, పైగా ఇరుక్కుంది. కిడ్నీ వాపు పెరుగుతోంది, ఇంక ఆగితే కిడ్నీకే దెబ్బ" అన్నారు. బడికి సెలవులు ఇచ్చేశారు కాబట్టి ఇంక ఆలోచించలేదు. ఏప్రిల్ 28న ఆపరేషన్.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వెన్నులో మత్తు సూది వేశారు, నడుం కిందంతా మొద్దుబారింది. మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి గొట్టం లాంటి కెమెరా పంపి, రాయి దాకా వెళ్ళి, లేజర్‌తో ముక్కలు చేశారు. గంటలోపే అయిపోయింది. నొప్పి తెలియలేదు. ఆ రాత్రి యూరిన్ సంచీ పెట్టి, మర్నాడు తీసేశారు. 30వ తేదీ పొద్దున డిశ్చార్జి అన్నారు.

ఆ డిశ్చార్జి దగ్గరే నాకు బాధ. ఒక సిస్టర్ వచ్చి మూడు కాగితాలూ మందుల కవరూ చేతిలో పెట్టి, ఏ బిళ్ళ పొద్దున, ఏ బిళ్ళ రాత్రి అని గబగబా చెప్పి, "రెండు వారాలకి స్టెంట్ తీయించుకోవడానికి రండి" అని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. స్టెంట్ అంటే గుండెకి వేసేదనే నాకు తెలుసు. ఆపరేషన్‌కి ముందు సంతకాలు పెట్టించుకున్న కాగితాల్లో ఆ మాట ఉండే ఉంటుంది. కానీ నా ఒంట్లో ఒక వస్తువు పెట్టి పంపిస్తున్నామని, దాంతో రెండు వారాలు ఇలా ఉంటుందని, కూర్చోబెట్టి తెలుగులో అయిదు నిమిషాలు చెప్పిన మనిషి లేరు. ఆ అమ్మాయిని తప్పుపట్టను, ఆ వార్డులో ఇరవై మంచాలకి ఇద్దరే ఉన్నారు. కానీ చెప్పాల్సిన మాట చెప్పాల్సిందే కదా.

గుంటూరు నుంచి నరసరావుపేటకి 45 కిలోమీటర్లు. కారులో వెనక సీట్లో పడుకుని వచ్చాను. ప్రతి గతుకూ లోపల ఎక్కడో తగిలింది.

ఇంటికొచ్చి మొదటిసారి బాత్రూంకి వెళ్ళినప్పుడు జరిగింది నేను మర్చిపోలేను. మంటగా ఉంటుందని ఊహించాను. కానీ యూరిన్ మొదలవగానే నొప్పి కింద కాదు, వెనక నడుంలోకి, సరిగ్గా పాత నొప్పి వచ్చిన చోటికే ఎగదన్నింది. కిందకి చూస్తే ఎర్రగా ఉంది. రాయి అక్కడే ఉండిపోయిందేమో, ఆపరేషన్ సరిగ్గా కాలేదేమో అని గోడకి ఆనుకుని ఏడ్చేశాను. వచ్చి పడుకున్న పది నిమిషాలకే మళ్ళీ వెళ్ళాలనిపించింది. వెళ్తే నాలుగు చుక్కలు. ఆ రాత్రి పద్నాలుగుసార్లు లేచాను.

పొద్దున్నే మా ఆయన డాక్టర్‌గారికి ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. ఆయన మాత్రం ఓపిగ్గా చెప్పారు. లేజర్ తగిలిన చోట గొట్టం లోపల వాస్తుంది, వాచి మూసుకుపోతే యూరిన్ దిగక కిడ్నీ మళ్ళీ ఉబ్బుతుంది, అందుకని 26 సెంటీమీటర్ల మెత్తటి గొట్టం ఒకటి లోపల ఉంచారట. దాని పై కొస కిడ్నీలో, కింది కొస మూత్రాశయంలో చుట్ట తిరిగి ఉంటుంది, జారిపోకుండా. డీజే స్టెంట్ అంటారు. ఆ కింది చుట్ట మూత్రాశయం గోడకి రాసుకుంటూ ఉంటుంది కాబట్టి ఎప్పుడూ వెళ్ళాలనిపిస్తుంది. మామూలుగా మూత్రాశయం నుంచి యూరిన్ పైకి ఎక్కకుండా ఒక ఏర్పాటు ఉంటుంది. స్టెంట్ ఉన్నంతకాలం ఆ ద్వారం తెరిచే ఉంటుంది, అందుకే వెళ్ళినప్పుడల్లా కొంచెం యూరిన్ వెనక్కి కిడ్నీ దాకా ఎగజిమ్మి నడుంలో నొప్పి వస్తుంది. ఎర్రగా రావడం కూడా మామూలే. "చలి పెట్టి జ్వరం 100.4 దాటినా, యూరిన్ పూర్తిగా ఆగిపోయినా, గడ్డలుగా రక్తం పడినా అప్పుడు మాత్రం అర్ధరాత్రయినా సరే వచ్చేయండి. మిగతావన్నీ స్టెంట్ తీశాక పోతాయి" అన్నారు. ఫోన్ పెట్టేశాక నొప్పి అంతే ఉంది గానీ టెన్షన్ సగానికి సగం దిగిపోయింది. ఈ మాటలే డిశ్చార్జి రోజు చెప్పి ఉంటే ఆ రాత్రి అలా ఏడ్చేదాన్ని కాదు.

మొదట్లో ఇంట్లో కూడా నన్ను రోగి కింద చూడలేదు. మా ఆయన ఆర్టీసీలో కండక్టర్, మూడు రోజులు సెలవు పెట్టి మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయారు. అత్తయ్యకి డెబ్భై దాటాయి. మూడో రోజు పొద్దున ఆవిడ చిక్కుడుకాయలు, కత్తిపీట తెచ్చి మంచం మీద నా పక్కన పెట్టి, "కూర్చునే గదమ్మాయ్, కాస్త ఈనెలు తీసి పెట్టు. కోత లేదుగా" అన్నారు. ఈనెలు తీయడం పెద్ద పని కాదు, తీశాను. తర్వాత బియ్యం కడిగాను. తర్వాత పాలు కాచాను. అలా నాలుగో రోజుకల్లా నాకు తెలియకుండానే సగం వంటలో ఉన్నాను. మా అమ్మాయి తొమ్మిది పూర్తయి పదికి వచ్చింది, అదే నన్ను చూసి, "అమ్మా, నీకు రెస్ట్ అన్నారు కదా" అనేది. రెస్ట్ అంటే మన ఇళ్ళల్లో మంచానికి అతుక్కుపోయినవాళ్ళకే. నడవగలిగితే వంటింట్లోకి నడవాలి.

అయిదో రోజు మధ్యాహ్నం అత్తయ్య గుడికి వెళ్ళారు, అమ్మాయి ట్యూషన్‌లో ఉంది. గ్యాస్ సిలిండర్ అబ్బాయి వచ్చి నిండు సిలిండర్ వసారాలో దించి వెళ్ళిపోయాడు. నిండు సిలిండర్ 30 కేజీల దాకా ఉంటుంది. ఎత్తితే తప్పు గానీ దొర్లిస్తే ఏమవుతుందిలే అనుకుని, వంగి అంచు పట్టుకుని వంటింటి గడప దాకా దొర్లించాను. గడప దాటించడానికి ఒక్కసారి పైకి లాగాను.

సాయంత్రం ఆరింటికి బాత్రూంకి వెళ్తే, మొదటి రోజు కూడా అంత ఎరుపు లేదు. చిన్న చింతగింజంత గడ్డ కూడా పడింది. కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. ఆస్పత్రి నంబరుకి మూడుసార్లు చేస్తే ఎత్తలేదు. నాలుగోసారి ఒక నర్సు ఎత్తి, జ్వరం ఉందా, యూరిన్ ధారగా వస్తోందా, పడిన గడ్డ ఎంత ఉంది, బరువేమైనా ఎత్తారా అని వరసగా అడిగింది. సిలిండర్ సంగతి చెప్పాను. "అందుకేనమ్మా. లోపల గొట్టం ఒరుసుకుని రక్తం వస్తోంది. పడుకోండి, గంటకో గ్లాసుడు నీళ్ళు తాగండి. తెల్లారేసరికి పలచబడాలి. పలచబడకపోయినా, యూరిన్ ఆగినా వెంటనే బయల్దేరండి" అంది. ఆ గొంతు ఇప్పటికీ గుర్తుంది, ఎంతో నెమ్మదిగా మాట్లాడింది. రాత్రంతా తాగుతూనే ఉన్నాను. ఎరుపు గులాబీ రంగుకి, తెల్లవారుజామున టీ రంగుకి, ఏడింటికి మామూలు పసుపుకి దిగింది.

అత్తయ్య ఆ రాత్రి పడుకోలేదు. హాల్లో మంచం బాత్రూం గుమ్మానికి ఎదురుగా లాక్కుని కూర్చున్నారు. స్టెంట్ ఇబ్బంది తగ్గడానికి రాత్రిపూట ఇచ్చిన బిళ్ళ వల్ల లేవగానే కళ్ళు తిరిగేవి. ఒకసారి తూలితే ఆవిడే పట్టుకున్నారు. మళ్ళీ పడుకోబెట్టి, నా పాదాల మీద చెయ్యి వేసి, ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పారు. మా ఆయన తమ్ముడు పుట్టాక ఆవిడకి క్యాంపులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, అదే రోజు ఎడ్లబండి మీద ఇంటికి పంపారట. "కుట్లు ఇప్పించుకొచ్చిన మర్నాడే మిరప కోతకి పోయా. పడుకోమని ఒక్కరూ అన్లా. నాకూ అడగాలని తెలీలా. అప్పట్నుంచీ ఈ నడుం ఇంతే" అన్నారు. కాసేపాగి, "నిన్ను కూరలు తరగమన్నది నేనే గదమ్మాయ్" అన్నారు. నాకు ఏం చెప్పాలో తోచక ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

మర్నాటి నుంచి వంటింట్లోకి రానివ్వలేదు. నా బ్యాగులోంచి సుద్దముక్క తీసుకుని, వంటింటి తలుపు మీద, వెనకటికి పాల లెక్కకి గీసినట్టు, నేను చెంబుడు నీళ్ళు తాగినప్పుడల్లా ఒక గీత గీయడం మొదలెట్టారు. మా అమ్మాయి ఆ ఇత్తడి చెంబుని సీసాతో కొలిచి 600 మిల్లీలీటర్లు పడుతుందని చెప్పింది. రోజుకి అయిదు గీతలు పడితే మూడు లీటర్లు. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా కొట్టేస్తే ఆ రోజుకి సరి. ఆకుపచ్చ రంగు తలుపు మీద తెల్లటి గీతలు వరసగా పెరుగుతుంటే నాకూ పట్టుదల వచ్చింది. చివరి చెంబు రాత్రి ఎనిమిది లోపే తాగేసేదాన్ని, పడుకునే ముందు ఒకసారి వెళ్ళొచ్చేదాన్ని. అలా చేశాక రాత్రి లేవడం పద్నాలుగు నుంచి అయిదారుకి తగ్గింది. స్టెంట్ ఎడమ పక్క కాబట్టి కుడి పక్కకి తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుంటే హాయిగా ఉండేది.

ఇంకో విషయం రాయడానికి మొహమాటపడ్డాను, అయినా రాస్తాను. ఆ రోజుల్లో వెళ్ళాలనిపించిన క్షణంలోనే వెళ్ళాలి, ఆగదు. మంచం నుంచి బాత్రూంకి పది అడుగులు, అంత దూరం కూడా ఒక్కోసారి ఆగేది కాదు. నేను నెలసరి ప్యాడ్‌లు పెట్టుకున్నాను. అది జబ్బు ముదిరినట్టు కాదు, స్టెంట్ ఉన్నంతకాలమే. అది తెలియక నాకు ఇంక జీవితాంతం ఇలాగేనేమో అని రెండు రోజులు మనసు పాడుచేసుకున్నాను. తర్వాత డాక్టర్‌గారికి చెబితే మూత్రాశయం నెమ్మదించే బిళ్ళ ఒకటి కలిపారు. నోరు ఎండిపోయేది, విరేచనం సాఫీగా అయ్యేది కాదు గానీ పరుగులు మాత్రం తగ్గాయి. నాకంటే ముందు ఇది పడ్డ ఆడవాళ్ళు ఎంతమంది ఉంటారు! ఒక్కరి నోటా ఈ మాట వినలేదు. ఫలానా మేడమ్‌కి రాయి తీశారు, బాగుంది, అనే విన్నాను.

పలకరించడానికి వచ్చేవాళ్ళతో ఇబ్బందీ అదే. ప్రేమతో రొట్టెలు, బత్తాయిలు, బోండాలు పట్టుకొస్తారు, వాళ్ళు కూర్చున్న అరగంటలో నేను రెండుసార్లు లేవాలి. మగవాళ్ళు వచ్చినప్పుడు మరీ ఇబ్బంది. చివరికి మా ఆయనే గుమ్మం దగ్గర, "ఇంకో పది రోజులాగి రండి, అప్పుడైతే తీరిగ్గా మాట్లాడుద్ది" అని సర్దిచెప్పి పంపడం మొదలెట్టారు. నా చిన్నాడపడుచు కూతురి నిశ్చితార్థం ఆ మధ్యలోనే పడింది. ఒంగోలు దాకా కారులో వెళ్ళి రావాలి. నేను రానంటే, "కోత లేదన్నారుగా వదినా" అంది. ఫోన్ అత్తయ్య తీసుకున్నారు. "కోత లోపలుందే. నీకు కనపడదు" అన్నారు. అంతే, ఇంక అడగలేదు.

అమ్మ వారం రోజులు వచ్చి ఉంది. ఆమె పత్యం వేరు. పప్పు పెడితే చీము పడుతుందని, వంకాయ పనికిరాదని, గోంగూర పేరెత్తొద్దని. బయట పుండు లేనప్పుడు చీమెక్కడిదమ్మా అంటే వినదు. బీరకాయ, పొట్లకాయ, వెల్లుల్లి కారప్పొడితో నాలుగు రోజులు గడిచాయి. డాక్టర్‌గారు అన్నీ తినొచ్చు, ఉప్పు మాత్రం తగ్గించమన్నారని చెబితే, ఉప్పుకీ రాయికీ ఏం సంబంధం అంది. ఉప్పు ఎక్కువ తింటే మూత్రంలోకి కాల్షియం ఎక్కువగా దిగుతుంది, అదే రాయికి పునాది. రోజు మొత్తం మీద ఒక చెంచాకి మించొద్దన్నారు.

మే నెలలో ఈ మాట మా ఇంట్లో చెప్పడం ఎంత కష్టమో! అత్తయ్య ఆవకాయ పెట్టే రోజులు. నేను మంచం మీద పడుకుని ఉంటే పక్క గదిలో కత్తిపీట మీద టెంకతో సహా కాయలు పగులుతున్న చప్పుడు, ఆ వెంటనే ఆవపిండి ఘాటు, కొత్త కారం, పప్పునూనె వాసన. పాతికేళ్ళుగా ఆ జాడీలు మోసేది, ఉప్పు చూసేది నేనే. ఈసారి మా అమ్మాయి మోసింది, మా ఆయన మూతికి గుడ్డ కట్టారు. కలిపిన పళ్ళెంలో అన్నం కలిపి అత్తయ్య అందరికీ ముద్దలు పెట్టి, నా దగ్గరికి వచ్చి గోరంత ముద్ద చేతిలో పెట్టారు. "వాసనకి" అన్నారు. అది తిని చెంబుడు నీళ్ళు తాగాను. తలుపు మీద గీత పడింది.

స్టెంట్ తీసే తేదీని మా అమ్మాయి పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించింది: మే 14. ఆ తేదీ డిశ్చార్జి కాగితంలో మూడో పేజీ అడుగున ఇంగ్లీషులో ఒక్క లైనులో ఉంది, అదీ మా అమ్మాయి చదివి చెబితేనే తెలిసింది. ఇంగ్లీషు రానివాళ్ళు, పొలం పనుల్లో ఉండేవాళ్ళు నొప్పి తగ్గిందని ఊరుకుంటే గతేమిటి? స్టెంట్ తనంతట తాను కరగదు, పడిపోదు. నెలల తరబడి లోపలే ఉంటే దాని మీదే రాయి పేరుకుంటుంది. మర్చిపోయి ఏడాది తర్వాత వచ్చిన మనిషికి రాయి తీయడం కంటే స్టెంట్ తీయడమే పెద్ద ఆపరేషన్ అయిందని డాక్టర్‌గారు చెప్పారు. ఇది చదివేవాళ్ళ ఇంట్లో ఎవరికైనా స్టెంట్ వేసి పంపితే, మందులు కొనే ముందు ఆ తేదీ గోడ మీద రాయండి.

14న మళ్ళీ గుంటూరు. ఈసారి మత్తు లేదు, చల్లటి జెల్లీ లాంటి మందు లోపలికి పట్టించి పది నిమిషాలు ఆగారు. భయంతో దవడలు బిగించుకున్నాను. "గట్టిగా ఊపిరి పీల్చి వదలండి టీచర్ గారూ" అన్నారు. వదిలాను. సన్నటి మంట, ఏదో జరజరా జారినట్టు అనిపించింది, అంతే. రెండు నిమిషాలు పట్టలేదు. చూస్తారా అని ట్రేలో పెట్టి చూపించారు. కాకరతీగ నులి ఉంటుందే, పందిరికి చుట్టుకునేది, అచ్చం అలాగే రెండు కొసలూ చుట్ట తిరిగిన నీలం రంగు గొట్టం. రెండు మిల్లీమీటర్ల మందం కూడా ఉండదు. కింది చుట్ట మీద వేలితో తాకితే గరగరమనేలా ఇసుక పొర. పదహారు రోజులకే అంత పట్టింది.

తిరిగి వస్తుంటే ఫిరంగిపురం దగ్గర మళ్ళీ పాత నొప్పి, సరిగ్గా అదే చోట. డాక్టర్‌గారు ముందే చెప్పారు కాబట్టి ఈసారి గుండె ఆగలేదు. అన్నాళ్ళూ గొట్టం పెట్టుకుని ఉన్న దారి ఒక్కసారి ఖాళీ అయితే ముడుచుకుంటుంది, ఒకటి రెండు రోజులు నొప్పి రావచ్చు అన్నారు. బిళ్ళ వేసుకుని సీటు వెనక్కి వాల్చుకున్నాను. ఆ రాత్రి రెండుసార్లు లేచాను. మర్నాడు రాత్రి ఒక్కసారి. మూడో రాత్రి పడుకుంటే తెల్లారింది. లేచి చూస్తే అత్తయ్య మంచం హాల్లో లేదు, ఆవిడ గదిలోకి మారిపోయింది.

రాయి ముక్కల్ని పరీక్షకి పంపితే కాల్షియం ఆక్సలేట్ అని వచ్చింది. అది వినగానే అందరూ పాలు, పెరుగు మానేయమన్నారు. డాక్టర్‌గారు దానికి వ్యతిరేకం. తిండిలో కాల్షియం ఉంటే అది కడుపులోనే ఆక్సలేట్‌ని పట్టుకుని విరేచనంలో బయటికి పంపేస్తుంది, పెరుగు మానితే రాళ్ళు పెరుగుతాయే గానీ తగ్గవు అన్నారు. పాలకూర మాత్రం బాగా తగ్గించమన్నారు, తిన్న రోజున పెరుగన్నం తప్పకుండా తినమన్నారు. టమాటాకి అంత భయపడక్కర్లేదట. ఉప్పు వేయని నిమ్మకాయ నీళ్ళు మంచివట. ఒకసారి రాయి వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి పదేళ్ళలో మళ్ళీ వస్తుందని కూడా చెప్పారు.

జూన్ 12న బడి తెరిచారు. రెండు లీటర్ల సీసా పట్టుకుని వెళ్ళాను. మొదటి వారంలోనే ఆడ టీచర్లం ఆరుగురం సంతకాలు పెట్టి, స్టాఫ్ బాత్రూంకీ ఆడపిల్లల బాత్రూంకీ రోజూ నీళ్ళు రావాలని హెడ్మాస్టర్‌గారికి కాగితం ఇచ్చాం. నాకు ఏం జరిగిందో ఆయన ముందు నోరు తెరిచి చెప్పాను. ఇదివరకైతే చెప్పేదాన్ని కాదు. నెలాఖరుకి మోటారు బాగుచేయించారు. వాటర్ బెల్ కొట్టినప్పుడు పిల్లలతోపాటు నేనూ తాగుతున్నాను. వెనక బెంచీ ఆడపిల్లలు ఇద్దరు ఇంకా సీసా పెదాలకి తాకించి దించేస్తున్నారు. వాళ్ళని నేను గుర్తుపట్టగలను.

జూలై చివర స్కాన్ తీశారు. ఎడమ పక్క శుభ్రంగా ఉంది, వాపు పోయింది. కుడి కిడ్నీలో 3 మిల్లీమీటర్లది ఒకటి ఉందన్నారు, దానికిప్పుడేమీ చేయక్కర్లేదు, నీళ్ళు తాగండి, ఆరు నెలలకి చూద్దామన్నారు. ఇంటికొచ్చి చెప్పాను. అత్తయ్య రిపోర్టు గురించి ఏమీ అడగలేదు. "పొద్దున్నుంచి ఎన్ని చెంబులు?" అన్నారు. ప్రయాణంలో రెండే పట్టాయన్నాను. ఆవిడ లేచి నా బ్యాగు జిప్పు తీసి సుద్దముక్క కోసం వెతుకుతున్నారు.